నేను గీసిన గొడుగు మనిషి

రెండు నగరాలను పక్కపక్కన నిలబెట్టి మార్కులు వేసిన కాగితం ఎవరైనా మీ చేతికిస్తే, ముందు ఒక ప్రశ్న అడగండి. ఈ మార్కులు వేసినవాళ్లు ఆ ఊళ్లో ఏ బస్సు ఎక్కారు? చాలాసార్లు జవాబు రాదు. ఎందుకంటే వాళ్లు ఏ బస్సూ ఎక్కి ఉండరు. కారు దిగి, ఫొటో తీసుకుని, మళ్లీ కారు ఎక్కి ఉంటారు.

అలాంటి కాగితాలు తయారుచేయడమే ముప్పై మూడేళ్లు నా ఉద్యోగం. అమీర్‌పేటలో ఒక పాత బిల్డింగు నాలుగో అంతస్తులో మా కన్సల్టెన్సీ ఆఫీసు. పేరు చెప్పను, చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. రోడ్లు, చౌరస్తాలు, బస్సు స్టాపులు, ఫుట్‌పాత్‌లు ఎలా ఉండాలో ప్రభుత్వ శాఖలకు రిపోర్టులు రాసిచ్చేవాళ్లం. బెంగళూరులో ఏం చేశారు, చెన్నైలో ఏం చేశారు, పుణేలో ఏం చేశారు, మనమెందుకు చేయకూడదు అనేది ప్రతి రిపోర్టులోనూ మూడో అధ్యాయం. ఆ మూడో అధ్యాయం నాది.

నేను రిటైరయ్యాక ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి, "మేడం, మీ అనుభవాలు మాకోసం రాసిపెట్టండి" అన్నారు. నా ప్రమోషన్లు, నా ఫైళ్లు మీకెందుకు? నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు వల్ల పంజాగుట్టలో ఒక మనిషి రోజూ చంకకర్రతో చౌరస్తా దాటాల్సి వచ్చింది. ఇది చదివాక మీకు నామీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి. అనుమానం పెరిగితే మాత్రం నాకు సంతోషం.

చూపించే రోడ్డు

ప్రతి నగరానికీ ఒక చూపించే రోడ్డు ఉంటుంది. పెళ్లిచూపుల రోజు ముందుగదిలో వేసే కొత్త దుప్పటిలాంటిది.

మా డైరెక్టర్ శేషగిరిగారితో కలిసి మొదటిసారి బెంగళూరు పరిశీలనకు వెళ్లినప్పుడు నాకీ సంగతి తెలియదు. అక్కడి ఆఫీసువాళ్లు మమ్మల్ని ఒక రోడ్డుకు తీసుకెళ్లారు. వెడల్పాటి ఫుట్‌పాత్, చెట్ల చుట్టూ రాతి గట్లు, కూర్చోవడానికి బెంచీలు. శేషగిరిగారు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశారు. "చూశారా సుశీలగారూ, క్రమశిక్షణ అంటే ఇదండీ. మనవాళ్లకి ఎప్పుడొస్తుందో!" అన్నారు.

నాకు మొదటినుంచీ ఒక పాడు అలవాటు. ఎవరైనా ఒకటి చూపిస్తే దాని వెనక ఏముందో చూడాలి. మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే లాడ్జి నుంచి బయల్దేరి అదే రోడ్డుకు వెళ్లి, చివరిదాకా నడిచాను. బెంచీలు అయిపోయిన చోట ఫుట్‌పాత్ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు తగిలి ఆగిపోయింది. అక్కడినుంచి జనం రోడ్డు మీదకి దిగి, లారీల పక్కనుంచి నడుస్తున్నారు. ఆ సంగతి టిఫిన్ దగ్గర శేషగిరిగారికి చెప్పాను. "ఏంటండీ, మనం చూడ్డానికి వచ్చింది మంచిదా, చెడ్డదా?" అని విసుక్కున్నారు. తిరుగు ప్రయాణంలో రైల్లోనే మూడో అధ్యాయం చిత్తుప్రతి పూర్తయింది. ట్రాన్స్‌ఫార్మర్ అందులో లేదు.

తర్వాత బెంగళూరువాళ్లు మన ఊరొచ్చారు. మేమేం తక్కువ తిన్నామా? బంజారాహిల్స్‌లో అప్పుడే కొత్తగా వేసిన ఒక రోడ్డుముక్క చూపించాం. వాళ్లతో వచ్చిన ఇంజినీరు నాగరాజ్‌గారు మాత్రం ఫొటోలు తీయకుండా నా పక్కకు వచ్చారు. ఆయనకు అమ్మ వైపువాళ్లు తెలుగువాళ్లు.

"మేడమ్, మీ ఇల్లు ఈ రోడ్లోనేనా?" అని అడిగారు.

"కాదండీ, ఎస్.ఆర్. నగర్‌లో."

"అయితే ఆ రోడ్డు చూపించండి. ఇది మా ఆఫీసువాళ్లు చూసుకుంటారు."

సాయంత్రం ఆయన్ని మా వీధికి తీసుకెళ్లాను. హాస్టళ్ల ముందు వరసగా పెట్టిన బైకులు, ఫుట్‌పాత్ మీదే ఇడ్లీ బండి, డ్రైనేజీ మూత లేనిచోట గుర్తుగా నిలబెట్టిన చెట్టుకొమ్మ. నాగరాజ్‌గారు అన్నీ చూసి, "అచ్చం మా వీధే" అన్నారు. అప్పటినుంచి మాకు స్నేహం కుదిరింది. అయినా వాళ్ల రిపోర్టులో హైదరాబాద్ అంటే బంజారాహిల్స్ రోడ్డుముక్కే. మా రిపోర్టులో బెంగళూరు అంటే ఆ బెంచీలే. ఏళ్ల తరబడి ఈ రెండు ముక్కలనే పోల్చుకుంటూ ఒకరి ఊరికి ఒకరం మార్కులు వేసుకున్నాం.

లెక్కలోకి రానివాళ్లు

ఒకసారి అమీర్‌పేటలో నడిచేవాళ్లను లెక్కపెట్టే పని పడింది. లెక్కపెట్టే ఫారాలు చెన్నై నుంచి తెప్పించారు. అక్కడి ఒక బజారు వీధికీ, అమీర్‌పేటకూ పోలిక. ఫారంలో గళ్లు ఆఫీసు వేళలకే ఉన్నాయి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, అంతే.

అమీర్‌పేటలో ఒక వారం ఉన్నవాళ్లకెవరికైనా తెలుసు, ఇక్కడ జనం కదిలేది ఆఫీసు వేళలకు కాదు. కోచింగ్ బ్యాచ్‌లు మారినప్పుడు కదులుతారు. పొద్దున ఆరున్నర బ్యాచ్‌కి హాస్టళ్లన్నీ ఒక్కసారి రోడ్డు మీదకి వస్తాయి. మళ్లీ పదకొండింటికి, మళ్లీ రెండింటికి. ఆ వేళల్లో కోర్సుల కరపత్రాలు పంచేవాళ్లను తోసుకుంటూ నా ఆఫీసు మెట్లు ఎక్కడమే నాకు గగనమయ్యేది. ఫారంలో మాత్రం ఆ వేళలకు గడి లేదు. లెక్క తేలాక చూస్తే, అమీర్‌పేటలో నడిచేవాళ్లు తక్కువట, ఫుట్‌పాత్ వెడల్పు చేయాల్సిన అవసరం పెద్దగా లేదట!

నేను వెళ్లి గొడవపెట్టుకున్నాను. శేషగిరిగారు ఓపిగ్గానే విన్నారు. "మీరు చెప్పింది నిజమేనండీ. కానీ ఫారం మారిస్తే చెన్నైతో పోలిక ఎలా కుదురుతుంది? పోలిక కుదరకపోతే మూడో అధ్యాయం ఏమైపోవాలి?" అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. మా అమ్మాయి కాలేజీ సీటు కోసం నాతోపాటు క్యూలో నిలబడ్డ మనిషి. కానీ మూడో అధ్యాయం నిలబడడం కోసం ఆరున్నర బ్యాచ్ పిల్లలందరినీ రోడ్డు మీదనుంచి మాయం చేసేశారు. నేను రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు సంతకం పెట్టాను. ఆ సంతకం నాదే, అందుకు ఆయన్ని అనడానికి లేదు.

శనివారం గీసిన బొమ్మ

ఇప్పుడు అసలు తప్పుకు వస్తున్నాను.

ఇరవై ఏళ్ల కిందట, ఒక శనివారం మధ్యాహ్నం. సోమవారం ఇవ్వాల్సిన రిపోర్టు పలచగా ఉందని శేషగిరిగారికి బెంగ. "సుశీలగారూ, వెనకాల నాలుగైదు బొమ్మలు పెట్టండి. 'పరిశీలించదగిన ఆలోచనలు' అని పేరు పెడదాం" అన్నారు.

అప్పట్లో బొమ్మలు చేత్తోనే గీసేవాళ్లం. ఒక చౌరస్తా గీశాను. బస్సు స్టాపు చౌరస్తాకు ముందు ఉంటే ఆగిన బస్సు వెనక వాహనాలన్నీ ఇరుక్కుంటాయి కాబట్టి, స్టాపును చౌరస్తా దాటాక పెడితే ఎలా ఉంటుందన్నది ఆలోచన. అందులో వింతేమీ లేదు, పుస్తకాల్లో ఉన్నదే. ఎంత దూరంలో పెట్టాలన్నదే అసలు చిక్కు. దాటగానే పెడదామనుకున్నాను. కానీ కాగితం మీద అక్కడ అప్పటికే మ్యాపు గుర్తుల పెట్టె గీసేశాను. ఏ గీత రోడ్డు, ఏ చుక్క దీపస్తంభం అని చెప్పే చిన్న పెట్టె. దాన్ని చెరిపి మళ్లీ గీయడానికి బద్ధకమేసి, పెట్టె దాటాక ఖాళీగా ఉన్నచోట స్టాపు గీశాను. స్కేలు పెట్టి కొలిస్తే నూట అరవై మీటర్లు వచ్చింది. పక్కన "సుమారు 160 మీ." అని రాశాను.

స్టాపులో ఒక మనిషిని కూడా గీశాను. నా బొమ్మలన్నిటిలో ఆయన ఉండేవాడు. మా నాన్న బజారుకు వెళ్లేటప్పుడు గొడుగు పిడిని చొక్కా కాలరుకు వెనకనుంచి తగిలించుకుని, రెండు చేతులూ ఊపుకుంటూ నడిచేవాడు. తెనాలిలో అందరూ నవ్వేవాళ్లు. ఆ గొడుగు మనిషినే నేను ప్రతి స్టాపులోనూ నిలబెట్టేదాన్ని. అది నా సరదా.

సోమవారం రిపోర్టు వెళ్లిపోయింది. ఆ బొమ్మ సంగతి నేను మర్చిపోయాను. ఒక పరిశీలన యాత్రలో శేషగిరిగారు బెంగళూరువాళ్లకు ఆ రిపోర్టు కాపీ కానుకగా ఇచ్చారన్న సంగతి నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

యాదగిరి

మా రిపోర్టులన్నీ పంజాగుట్టలో యాదగిరి షాపులో కాపీలయ్యేవి. షాపు అంటే మెట్ల కింద గూడు. ఒక జిరాక్స్ మిషను, స్పైరల్ బైండింగ్ వేసే మిషను, ఒక స్టూలు. యాదగిరికి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది, చంకలో కర్ర. సనత్‌నగర్‌లో ఇల్లు. పొద్దున బస్సు దిగితే పక్కనే షాపు. సాయంత్రం బావమరిది స్కూటర్ మీద వచ్చి తీసుకెళ్తాడు.

యాదగిరికి ఇంకో గుణం ఉంది. బైండింగ్ చేసే ప్రతి కాగితాన్నీ చూస్తాడు. చదవడం కాదు, చూడడం. పేజీ తలకిందులుగా ఉన్నా, ఒక బొమ్మ రెండుసార్లు వచ్చినా ఠక్కున పట్టేస్తాడు. మా ఆఫీసులో నలుగురు చూసి పంపిన రిపోర్టులో అతను తప్పు పట్టిన సందర్భాలు బోలెడు.

నా రిటైర్మెంటుకు ఆరు నెలల ముందు పంజాగుట్ట చౌరస్తా రిపోర్టు వచ్చింది. మెట్రో వచ్చినా రద్దీ తగ్గలేదు, ఏదో ఒకటి చేయాలని పైనుంచి ఒత్తిడి. పోలిక కోసం వెతుకుతుంటే బెంగళూరులోని ఒక ఆఫీసు వేసిన మాన్యువల్ దొరికింది. దళసరి కాగితం, రంగుల అట్ట. అందులో బస్సు స్టాపు చౌరస్తా దాటాక నూట అరవై మీటర్ల దూరంలో ఉండాలని ఖచ్చితంగా రాసి ఉంది. పక్కన కంప్యూటర్ మీద చక్కగా గీసిన బొమ్మ. ఇంత ఖచ్చితంగా చెప్పారంటే కొలిచే ఉంటారనుకున్నాను. అందరినీ అనుమానించే నేను ఆ ఒక్క అంకెను అనుమానించలేదు. "పొరుగు నగరంలో అమలై, విజయవంతమైన పద్ధతి" అని రాసి, వాళ్ల బొమ్మ పేజీ కూడా జతచేసి, యాదగిరి చేతే అరడజను కాపీలు బైండింగ్ చేయించాను.

రిపోర్టు ఆమోదం పొందింది. స్టాపు చౌరస్తా అవతలికి వెళ్లిపోయింది.

ఒక నెల తర్వాత వేరే పనిమీద షాపుకు వెళ్లాను. తొమ్మిదిన్నర దాటినా షట్టర్ తెరిచి లేదు. నేను నిలబడి ఉండగానే యాదగిరి వచ్చాడు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. కర్ర గోడకు ఆనించి, ఊపిరి తీసుకుని, అప్పుడు మాట్లాడాడు.

"జర ఆగుండ్రి మేడం. చౌరస్తా దాటే వరకు పానం పోతున్నది."

"ఏంటి యాదగిరీ, ఇంత ఆలస్యం?"

"ఎరుక లేనట్టు అడుగుతుండ్రు. స్టాపు గా అవతలికి పోయింది గదా. బస్సు దిగి ఎనుకకు నడవాలె. నాలుగు దిక్కుల బండ్లు. సిగ్నల్ పడ్డదని బయలెల్లితే సగంల ఉండంగనే మల్ల అన్ని బండ్లు ఒక్కసారి వస్తయి. నడిమిట్ల నిలవడి దండం పెడ్త ఒక్కోపారి."

"మెట్రోలో రావచ్చు కదా? లిఫ్టు ఉంటుంది."

"ఇంటికాడికెళ్లి స్టేషన్ దాక ఆటో. ఈడ దిగినంక మల్ల నడక. లిఫ్టు కిందికి దించుతది మేడం, షాపుకాడికి తేదు గదా."

అతను మిషను ఆన్ చేసి, కాగితాలు సర్దుతూ, నావైపు చూడకుండానే అన్నాడు.

"గీ వానకాలం దాక చూస్త. వానల గా రోడ్డు దాటుడు నాతోని కాదు. అయితలేదంటె షాపు బంద్ చేస్త. సనత్‌నగర్‌ల గసొంటి పని దొరకదు, గది వేరే ముచ్చట."

"స్టాపు మార్చమన్న రిపోర్టు మాదే యాదగిరీ," అన్నాను. దాచడం నావల్ల కాలేదు.

"నాకెరుకనే. నేనే గదా బైండింగ్ చేసింది."

గుర్తుల పెట్టె

అప్పుడు అతను అన్న మాట నా ముప్పై మూడేళ్ల ఉద్యోగాన్నీ కుదిపేసింది.

"ఒక్క ముచ్చట అడుగుత, ఏమనుకోకుండ్రి. గా బెంగళూరు బుక్కుల ఉన్న బొమ్మ మీ పాత బొమ్మనే గదా? గదాన్నే మల్ల మన రిపోర్టుల ఎందుకు పెట్టిండ్రు, వాళ్లది అని?"

"నా బొమ్మ ఏమిటి? అది వాళ్లది."

యాదగిరి నవ్వలేదు. షాపులో ఒక మూల పాత కాపీల కట్ట ఉంటుంది. చెడిపోయిన పేజీల వెనకవైపు చిల్లర కాగితాలుగా వాడుకుంటాడని నేననుకునేదాన్ని. కాదు, నచ్చిన బొమ్మలు దాచుకుంటాడట. అందులోంచి పసుపు పట్టిన పేజీ ఒకటి తీసి మిషను మూత మీద పెట్టాడు. దాని పక్కన బెంగళూరు మాన్యువల్ పేజీ కాపీ పెట్టాడు.

"గీ మనిషి మెడ ఎనుక చూడుండ్రి."

చూశాను. నా పాత బొమ్మలో మా నాన్న, కాలరుకు గొడుగు తగిలించుకుని. బెంగళూరు బొమ్మలో ఒక నల్లటి నీడ మనిషి. అతని మెడ వెనకనుంచి ఒక వంకర గీత కిందికి వేలాడుతోంది. గీసినవాడికి అది గొడుగని తెలియలేదు. తోకలా గీసేశాడు. అయినా వదలకుండా గీశాడు. చౌరస్తా అదే, దీపస్తంభాల చుక్కలు అవే. నా గుర్తుల పెట్టె మాత్రం తీసేశారు. పెట్టె ఉన్నచోటంతా ఖాళీ వదిలేసి, స్టాపు మాత్రం నేను పెట్టిన చోటే ఉంచారు. "సుమారు" కూడా ఎగిరిపోయింది.

అక్కడివాళ్లు హైదరాబాద్‌లో చేస్తున్నారని నమ్మి రాసుకున్నారు. నేను బెంగళూరులో చేశారని నమ్మి రాసుకున్నాను. ఎవరూ ఎక్కడా టేపు పట్టుకుని కొలవలేదు. ఒక శనివారం బద్ధకం కొద్దీ గీసిన గీత పొరుగూరు వెళ్లి, సూటూబూటూ వేసుకుని తిరిగొచ్చి, యాదగిరిని ఎండలో నడిపించింది.

"ఇది అప్పుడే చూశావు కదా. నాకెందుకు చెప్పలేదు?" అని కోపంగా అడిగాను. ఆ కోపం ఎవరిమీదో నాకే తెలియదు.

"మీరే గీసిండ్రు గదా మేడం. మీకెరుకనే అనుకున్న. పెద్దోళ్లు, ఏదో లెక్క ఉంటదనుకున్న."

ఉత్తరం

ఆ సాయంత్రమే నాగరాజ్‌గారికి ఫోన్ చేసి, ఆ నూట అరవై ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. ఆయనకు గుర్తు లేదు, వెతికి చెప్తానన్నారు. రెండు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. "మేడమ్, మా పాత ఫైల్లో ఆ బొమ్మ కింద చిన్న అక్షరాల్లో 'హైదరాబాద్ అనుభవం ఆధారంగా' అని ఉంది" అన్నారు.

పేజీలు రెండూ తీసుకుని శేషగిరిగారి గదికి వెళ్లాను. ఆయన చాలాసేపు చూశారు. గొడుగు మనిషిని చూసి మొదట నవ్వారు, తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడేం చేద్దామంటారు?"

"తప్పని రాసిద్దామండీ. దూరానికి ఆధారం లేదని, స్టాపు వెనక్కి తేవాలని."

"సుశీలగారూ, కొద్ది రోజుల్లో రిటైరవుతున్నారు. ఈ ఒక్క చౌరస్తాయేనా? ఈ అంకె ఇంకా ఎన్ని రిపోర్టుల్లో ఉందో మనకే తెలియదు. ఒక్క దారం లాగితే మొత్తం ఊడొస్తుంది. ఆఫీసులో ఇంకా ఎంతమంది బతకాలో ఆలోచించారా?"

ఆలోచించాను. నిజం చెప్పాలంటే వారం రోజులు ఆలోచించాను, ఆ వారమంతా యాదగిరి షాపు వైపు వెళ్లలేదు. బస్సులో అటుగా వెళ్లాల్సొచ్చినా పంజాగుట్ట చౌరస్తా రాగానే తల ఇంకోవైపు తిప్పుకునేదాన్ని. నాకు భయమేసింది. ఇన్నేళ్లూ ఎదుటివాళ్ల రిపోర్టుల్లో లొసుగులు వెతికిన మనిషినని అందరికీ తెలుసు. నా లొసుగే బయటపడితే ఎంతమంది నవ్వుకుంటారో లెక్కేసుకున్నాను.

వారం తర్వాత మబ్బు పట్టింది. తొలకరి ఇంకా పడలేదు గానీ గాలి మారింది. యాదగిరి పెట్టిన గడువు నాకు గుర్తొచ్చింది. ఒక్క పేజీ ఉత్తరం రాశాను. ఆ దూరం కొలిచి తేల్చింది కాదని, నేను ఒక కాగితం మీద ఖాళీ ఉన్నచోట గీసిన గీత అని, పొరుగు నగరంలో విజయవంతమైందని నేను రాసినదానికి ఆధారం ఏమీ లేదని. సంతకం పెట్టి, రెండు బొమ్మలూ జతచేసి, సంబంధిత శాఖకు పంపాను. ఒక కాపీ నాగరాజ్‌గారికీ పంపాను. శేషగిరిగారు నాతో మాట్లాడడం మానేశారు. నా వీడ్కోలు సభలో ఆయన ప్రసంగం చాలా బాగుంది, ఒక్క మాట కూడా నన్ను చూసి చెప్పలేదు.

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. వానలు మొదలయ్యాయి.

"ఏ నగరంలో అమలైంది?"

రిటైరైన మనిషి చేతిలో ఏముంటుంది? ఒక గొడుగు ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి కొత్త స్టాపు దగ్గరికి వెళ్లి నిలబడడం మొదలుపెట్టాను. యాదగిరి బస్సు దిగగానే అతనితోపాటు చౌరస్తా దాటేదాన్ని. మొదటి రోజు వద్దంటే వద్దన్నాడు. "లోకులు ఏమనుకుంటరు మేడం" అన్నాడు. నేను గొడుగు పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి బండ్లను ఆపుతూ నడిస్తే, ఆటోవాళ్లు నన్ను తిట్టారు. ఇంత దగ్గరనుంచి ఆ చౌరస్తాను నేను ఎన్నడూ చూడలేదు. ఎన్ని రిపోర్టులు రాశానో!

అతనితోపాటు నడిచేవాళ్లు ఇంకా ఉన్నారని అప్పుడే తెలిసింది. దగ్గర్లోని ఆసుపత్రికి వచ్చే రోగులు, స్కానింగ్ కవర్లు పట్టుకున్న ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు. వచ్చినవాళ్లనల్లా ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఫారం లేదు, గళ్లు లేవు. ఎవరు, ఎక్కడికి, దాటేటప్పుడు ఎక్కడ ఆగిపోయారు, అంతే.

ఒకరోజు జీన్స్ ప్యాంటు, చేతిలో ట్యాబ్ ఉన్న ఒకమ్మాయి నా పక్కన వచ్చి నిలబడింది. పేరు అఫ్రోజ్. ఆ శాఖలో కొత్తగా చేరిన ఇంజినీరు, పాతబస్తీ అమ్మాయి.

"మీరేనా మేడం, గా లెటర్ రాసింది? ఫైల్ నా టేబుల్ మీదికి వచ్చింది నిన్న. అందరూ నవ్వుతుండ్రు, తోక మనిషి అని. నేను చూద్దామని వచ్చిన."

నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయి మీద అనుమానం కూడా కలిగింది. ఫొటో తీసుకుని కారెక్కుతుందనుకున్నాను. అప్పుడే బస్సు వచ్చింది, యాదగిరి దిగాడు. వాన పడుతోంది. అఫ్రోజ్ ట్యాబ్‌ను బ్యాగులో పెట్టేసి అతనికి అటువైపు నిలబడింది. ముగ్గురం కలిసి దాటాం. సగంలో సిగ్నల్ మారింది. ఒక బస్సు మా మీదకి వచ్చినంత పని చేసి ఆగింది. షాపు చేరాక ఆ పిల్ల వెనక్కి తిరిగి చౌరస్తాను చూసింది.

"రోజూ గిట్లనేనా అన్నా?" అని అడిగింది.

"ఇయ్యాల నయం. మీరిద్దరున్నరు," అన్నాడు యాదగిరి.

నా నోటుపుస్తకం ఆ అమ్మాయికి ఇచ్చేశాను. పది రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"మేడం, అంతా రాసిన. ఒక్క కాలమ్ కాడ ఆగిపోయిన. 'ఈ పద్ధతి ఏ నగరంలో అమలైంది?' అని ఉంది. అది ఖాళీ ఉంటె ఫైల్ కదలదంటుండ్రు. స్టాపు ఎనక్కి తెచ్చిన ఊరు ఏదన్న చెప్పండి. చెన్నై అని రాయాలా? ఎవరు పోయి చూస్తరు?"

నాలుక చివరిదాకా వచ్చింది, రాసెయ్యమ్మా అని. మంచికే కదా. యాదగిరి కోసమే కదా. ఇరవై ఏళ్ల కిందటి ఆ శనివారం కూడా నేను ఎవరికీ చెడు తలపెట్టలేదు.

"హైదరాబాద్ అని రాయి," అన్నాను. "పంజాగుట్ట చౌరస్తా. మొన్న ఎండాకాలం దాకా స్టాపు ఇవతలే ఉండేదని, రోగులు, కుంటివాళ్లు, ముసలివాళ్లు ఆ స్టాపులోనే దిగేవాళ్లని రాయి. పోల్చుకోవడానికి ఇంకో ఊరెందుకు?"

"మస్తు ధైర్యం కావాలె మేడం గట్ల రాయనీకి," అంది అఫ్రోజ్. అయినా రాసింది.

వానలు సగంలో ఉండగా స్టాపు వెనక్కి వచ్చింది. సరిగ్గా పాతచోటికి కాదు, రెండు దుకాణాల ఇవతలికి. బస్సుల వెనక కొంచెం రద్దీ ఉంటోంది, అబద్ధమెందుకు? యాదగిరి షాపు తొమ్మిదింటికే తెరుచుకుంటోంది.

మొదటి రోజు నేను వెళ్లాను. అతను బస్సు దిగి, స్టాపు రేకును కర్రతో రెండుసార్లు తట్టి చూశాడు.

"ఎన్ని దినాలు ఉంటదో," అన్నాడు.

"చూద్దాం. కదిలిస్తే మళ్లీ రాస్తాను."

షాపులోకి వెళ్లి మిషను ఆన్ చేశాడు. టీ తెప్పించాడు. నేను టీ తాగి లేవబోతుంటే అడిగాడు.

"మరి గా బెంగళూరుల ఏమాయె మేడం? గక్కడి స్టాపులు?"

నాగరాజ్‌గారు కూడా రిటైరైపోయారని, నా ఉత్తరం వాళ్ల ఆఫీసులో ఇచ్చారని, ఎవరూ పట్టించుకోలేదని చెప్పాను. ఆ మాన్యువల్ ఇంకా వాడుకలోనే ఉంది. నూట అరవై మీటర్లు ఇంకా అందులోనే ఉన్నాయి.

యాదగిరి టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"గక్కడ సుత నా అసొంటోడు ఒక్కడన్న ఉంటడు గదా. నేనంటె బైండింగ్ చేస్త కాబట్టి మిమ్మల్ని పట్టుకున్న. ఆయనకు ఎట్ల ఎరుకైతది, ఎవరు నడిపిస్తున్నరో?"

ఆ పాత కట్టలోంచి గొడుగు మనిషి పేజీ తీసి, ఇంకో కాపీ చేసి ఇవ్వమన్నాను. "సుమారు" అన్న మాట స్పష్టంగా పడేలా తీయమన్నాను. శుక్రవారం బెంగళూరు బండికి టికెట్టు దొరికింది. దిగాక ఏ బస్సు ఎక్కాలో నాగరాజ్‌గారిని అడిగి రాసుకున్నాను.